ఆరు, ఏడు, ఎనిమిది: లెక్కలు, సైన్సు, మన పిల్లలు

(పెనుగొండలో జరిగిన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



విద్య గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గంవారు మమ్మల్ని కోరినారు. విద్య గొప్పది అని చెప్పడానికి మేము రానక్కరలేదు. ఆ సంగతి ఈ హాలులో తెలియనివారు లేరు. ఒక పూట తక్కువ తిని అయినా పిల్లవాడికి ఫీజు కట్టిన తండ్రులు ఇక్కడే కూర్చొని వున్నారు. కనుక గొప్ప మాటలు పక్కన పెట్టి ఒక చిన్న విషయం తీసుకొంటాము. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో లెక్కలు, సైన్సు ఎట్లా చెబుతున్నాము, ఎట్లా చెప్పవచ్చును అన్నదే ఆ విషయం.

ఈ మూడు తరగతులే ఎందుకు అంటారేమో. అయిదో తరగతి దాకా పిల్లవాడు కూడికలు, తీసివేతలతో ఎట్లాగో నెట్టుకొస్తాడు. ఆరులో భిన్నాలు, దశాంశాలు, రుణ సంఖ్యలు వస్తాయి. ఏడులో అక్షరాలు వచ్చి అంకెల పక్కన కూర్చుంటాయి. సైన్సు అంటే బొమ్మలు పోయి నిర్వచనాలు మొదలవుతాయి. అక్కడ ఒక మెట్టు తప్పితే తరువాతి మెట్టు అందదు. పిల్లవాడు వెనక బెంచీకి చేరతాడు. "నాకు లెక్కలు రావు" అని తనకు తానే ముద్ర వేసుకొంటాడు. తొమ్మిదికి వచ్చేసరికి ఇంట్లో మాట మొదలవుతుంది: "చదువు వాడి వొంటికి పడలేదు, షెడ్డులో పెడదాము." ఆడపిల్ల అయితే ఆ మాట కూడా ఎవరూ పైకి అనరు. ఒకరోజున బడికి వెళ్ళడం మానేస్తుంది, అంతే.

2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. దేశంలో 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు అసలు బడికి పోనివారో, పోయి మానేసినవారో అని అందులో చెప్పినారు. అదే నివేదికలో ఇంకో మాట కూడా వున్నది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మనవారి అక్షరాస్యత రాష్ట్ర సగటుకంటే మెరుగుగానే వున్నదన్నారు. అంటే మనవాళ్ళు పిల్లలను బడికి పంపనివారు కారు. పంపుతున్నాము. మధ్యలో జారిపోకుండా పట్టుకోవడమే మన ముందున్న పని. జారిపోయే చోటు ఎక్కువగా ఈ మూడు తరగతుల్లోనే వున్నదని మా అనుభవం.

వేరేగా చెప్పినవారు వున్నారు

లెక్కలు, సైన్సు భయం లేకుండా చెప్పవచ్చునని ఎవరైనా చేసి చూపించినారా? చూపించినారు. అందులో మన తెలుగు నేల మీద వున్న బడి పేరు ముందు చెప్పుకోవాలి. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారి ఆలోచనతో ఆ వూరికి దగ్గరలోనే 1926లో రిషివ్యాలీ పాఠశాల ఏర్పడింది. ఒక పిల్లవాడిని ఇంకొక పిల్లవాడితో పోల్చడం, భయపెట్టి చదివించడం, రెండూ తప్పని ఆయన జీవితమంతా చెప్పినారు. భయపడిన బుర్రలోకి చదువు ఎక్కదని ఆయన అభిప్రాయం.

అది ఫీజు కట్టి హాస్టలులో చదివే బడి, మనకేమి లాభం అని మీరు అడగవచ్చు. సబబైన ప్రశ్నే. అయితే ఆ బడివారు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు కూడా నడిపినారు. ఒకే గది, ఒకే టీచరు, ఒకటి నుంచి అయిదు దాకా పిల్లలందరూ అక్కడే. 1980ల నుంచి పద్మనాభరావు, రమ దంపతులు ఆ బడుల కోసం ఒక పద్ధతి తయారు చేసినారు. పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి చిన్న చిన్న కార్డులుగా మార్చినారు. కార్డులన్నీ ఒక నిచ్చెనగా గోడ మీద వుంటాయి. పిల్లవాడు ఈరోజు ఏ మెట్టు మీద వున్నాడో అక్కడి నుంచే మొదలుపెడతాడు. జ్వరం వచ్చి పదిరోజులు మానేసినా, మిరపకోతలకు పోయి వచ్చినా, వదిలిన మెట్టు వాడి కోసం అక్కడే వుంటుంది. "నువ్వు వెనకబడ్డావు" అనే మాటకు చోటే లేదు. ఆ బడులవారు ఊళ్ళో మెట్రిక్ మేళా అని కూడా పెడతారు. పిల్లలు తక్కెడ, టేపు పట్టుకొని వూరివారి బరువులు, ఎత్తులు కొలుస్తారు. అమ్మడం, కొనడం చేస్తారు. తల్లిదండ్రులు తమ పిల్లల లెక్కల తెలివిని కళ్ళారా చూస్తారు.

ఈ పద్ధతి ఆ లోయలోనే ఆగలేదు. 1995లో కర్ణాటకలో మైసూరు జిల్లా ప్రభుత్వ బడుల టీచర్లు దీనిని చూసి నలి-కలి పేరుతో మొదలుపెట్టినారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లోకి వెళ్ళింది. ధనవంతుల బడి పక్కన పుట్టిన ఆలోచన బీదపిల్లల బడులకు చేరింది.

అట్లాగే డేవిడ్ హార్స్‌బర్గ్ అనే ఆయన, ఒకప్పుడు రిషివ్యాలీలో పని చేసినవారే, 1972లో కోలారు జిల్లాలో నీల్‌బాగ్ అనే బడి పెట్టినారు. అక్కడ దండన లేదు, ర్యాంకులు లేవు. వేర్వేరు వయసుల పిల్లలు కలిసి చదివేవారు, చేతి పనులు కూడా నేర్చుకొనేవారు. ఆయన 1984లో పోయినారు. ఆయన దగ్గర నేర్చుకొన్నవారు చాలా చోట్ల బడులు పెట్టినారు.

మిడిల్ స్కూలు సైన్సు విషయంలో అన్నిటికన్నా పెద్ద పని హోషంగాబాదులో జరిగింది. అది మధ్యప్రదేశ్. 1972లో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు కలిసి 16 మిడిల్ స్కూళ్ళలో మొదలుపెట్టినాయి. 1978 కల్లా ఆ జిల్లా మిడిల్ స్కూళ్ళన్నింటికీ అది చేరింది. 1982లో ఏకలవ్య సంస్థ ఏర్పడి ఆ పనిని చేతికి తీసుకొన్నది. సూత్రం చాలా చిన్నది: ముందు చేసి చూడు, తరువాత రాసుకో, ఆ తరువాత మాట్లాడు. పిల్లల పుస్తకం పేరే బాల వైజ్ఞానిక్. పరీక్షకు పుస్తకం తెచ్చుకోవచ్చు. బట్టీ పట్టింది అడగరు కనుక కాపీ కొట్టేందుకు ఏమీ వుండదు. పరీక్షలో ఒక భాగం చేతితో చేసి చూపించే ప్రయోగం. పిల్లలు తమ అనుమానాలు సవాలీరాం అనే ఒక కల్పిత పెద్దమనిషికి ఉత్తరాలు రాసేవారు, జవాబులు వచ్చేవి. ఇదంతా మామూలు ప్రభుత్వ బడుల్లో, మామూలు టీచర్లతో జరిగింది. 2002లో ప్రభుత్వం దానిని ఆపివేసింది. ఆపినా, ముప్ఫై ఏళ్ళు నడిచిన పనిని ఎవరూ "కుదరదు" అనలేరు కదా.

మన ఇంట్లో వున్న లెక్కలు

ఇక మన సంగతికి వస్తాము. పెనుగొండలో ఈ పద్ధతి పెట్టాలంటే లేబరేటరీ కావాలా? అక్కరలేదు. మన ఇళ్ళల్లో, షాపుల్లో, కాలువ గట్టున కావలసినంత వున్నది.

భిన్నాలు తీసుకోండి. సగానికి మూడో వంతు కలిపితే ఎంత అని అడిగితే పిల్లల్లో చాలామంది పైన ఒకటీ ఒకటీ రెండు, కింద రెండూ మూడూ అయిదు, కనుక అయిదింట రెండు అని రాస్తారు. తప్పు అని ఎర్ర సిరాతో కొట్టేస్తే వాడికి తెలిసేది ఒక్కటే: తనకు రాదని. దానికి బదులు ఒక టైలరు టేపు చేతికివ్వండి. మీటరు గుడ్డలో సగం ఎంత? 50 సెంటీమీటర్లు. మూడో వంతు? 33 పైచిల్లర. కలిపితే 83 దాటింది. మరి నువ్వు రాసిన అయిదింట రెండు ఎంత? 40. సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గుతుందా? పిల్లవాడే నవ్వుతాడు. ఆ నవ్వు వచ్చిన తరువాత, రెంటినీ ఆరో వంతులుగా చేసుకోవాలి, మూడూ రెండూ అయిదు, ఆరింట అయిదు అని చెబితే వింటాడు. టైలరు కొడుకుకు ఈ లెక్క మనకంటే ముందే తెలుసు. దానిని బడిలో లెక్క అని ఎవరూ అనలేదు గనుక వాడు కూడా అనుకోలేదు.

మన అమ్మమ్మల కొలతలు చూడండి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. మొదటి మెట్టు నాలుగు రెట్లు, ఆ తరువాత ప్రతి మెట్టుకూ రెట్టింపే. కుంచంలో ఎన్ని గిద్దలు? 64. రెండుని ఆరుసార్లు గుణిస్తే వచ్చేది అదే. ఘాతాంకాలు అని ఏడో తరగతిలో చెప్పేది బియ్యం డబ్బాలో ఎప్పుడో వున్నది. ఇంట్లో పెద్దామెను అడిగి రమ్మని పిల్లలకు చెబితే, ఆ ముసలామె కూడా ఆ రోజు ఒక టీచరు అవుతుంది.

జకాతు లెక్క ప్రతి ఇంటికీ తెలిసిందే. నలభైలో ఒక వంతు, అంటే రెండున్నర శాతం. శాతానికీ భిన్నానికీ దశాంశానికీ వున్న చుట్టరికం ఈ ఒక్క లెక్కతో చెప్పవచ్చు. ఆస్తి పంపకం ఇంకా మంచి పాఠం. ఒకాయన భార్యను, ఒక కొడుకును, ఒక కూతురును వదిలి పోయినాడు. అప్పులు, ఖర్చులు పోగా 2,40,000 రూపాయలు మిగిలినాయి. భార్యకు ఎనిమిదో వంతు, 30,000. మిగిలిన 2,10,000ను మూడు భాగాలు చేస్తే కొడుకుకు రెండు, 1,40,000. కూతురుకు ఒకటి, 70,000. ఈ లెక్క ఎనిమిదో తరగతి ఆడపిల్ల తనంతట తాను వేయగలిగితే, రేపు తనకు రావలసింది ఎంతో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. లెక్కలు రావడమంటే మార్కులు మాత్రమే కాదు, ఇది.

తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో వున్న అల్ ఖ్వారిజ్మీ రాసిన పుస్తకం పేరులోని అల్ జబ్ర్ అన్న మాటే ఈనాటి ఆల్జీబ్రా. ఆ పుస్తకంలో పెద్ద భాగం వారసత్వపు పంపకాల లెక్కలే. ఇంటి అవసరం కోసం మొదలైన లెక్క అది. మన పూర్వులు గొప్పవారు అని చెప్పుకొని వూరుకోవడానికి మేము ఈ పేరు ఎత్తడం లేదు. ఆల్జీబ్రా ఇంటి బయట ఎక్కడో పుట్టిన భూతం కాదని పిల్లవాడికి తెలియడానికి ఎత్తుతున్నాము.

కాలువ గట్టున సైన్సు

ధవళేశ్వరం దగ్గర 1847లో ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొర పేరు మన డెల్టాలో పిల్లలకు కూడా తెలుసు. ఆ కాలువ నీళ్ళు ఎంత వస్తున్నాయో మాత్రం ఎవరూ కొలవమనలేదు. పెద్దవాళ్ళను తోడు తీసుకొని వంతెన మీదికి వెళ్ళండి. గట్టు వెంట 20 మీటర్లు కొలిచి గుర్తులు పెట్టండి. కొబ్బరి డొక్క ఒకటి నీళ్ళలో వేయండి. 25 సెకన్లలో ఆ దూరం పోయిందనుకొందాము. సెకనుకు 0.8 మీటరు. పైన నీళ్ళు తొందరగా, అడుగున నెమ్మదిగా పోతాయి గనుక 0.85తో గుణిస్తే 0.68. కాలువ వెడల్పు 10 మీటర్లు, లోతు 1.5 అనుకొంటే 15 చదరపు మీటర్లు. గుణిస్తే సెకనుకు సుమారు 10 ఘనపు మీటర్లు, అంటే పదివేల లీటర్లు. పాత లెక్కలో 350 క్యూసెక్కులు. క్యూసెక్కు అన్న మాట రైతు నోట రోజూ వినే పిల్లవాడికి, అది ఎక్కడి నుంచి వస్తుందో ఆ సాయంత్రం తెలుస్తుంది. గుణకారం, సగటు, వైశాల్యం, వేగం అన్నీ ఒక్క కొబ్బరి డొక్కతో తేలినాయి.

చంద్రుడిని తీసుకోండి. రంజాను నెలవంక కోసం మనం మేడ ఎక్కి చూస్తాము. పండుగ అయిపోయాక ఆకాశం వంక చూడము. పిల్లలను ముప్ఫై రోజులు వరుసగా చంద్రుడి బొమ్మ గీయమనండి. ఏ వేళకు కనబడింది, ఏ దిక్కున కనబడింది అని రాయమనండి. చాంద్రమాసం సుమారు 29.53 రోజులు. పన్నెండుతో గుణిస్తే 354 దాటుతుంది. సౌర సంవత్సరం 365 దాటుతుంది. తేడా సుమారు 11 రోజులు. రంజాను ప్రతి ఏడూ ముందుకు జరగడానికి కారణం ఇదే. ఒకసారి ఎండల్లో వచ్చిన రంజాను మళ్ళీ అదే ఎండల్లోకి రావడానికి సుమారు 33 ఏళ్ళు పడుతుంది. పిల్లవాడు తాతను అడిగి, ఆయన చిన్నతనంలో రోజాలు ఏ కాలంలో వచ్చినాయో తన లెక్కతో సరిచూసుకోవచ్చు.

అట్టపెట్టెకు సూదితో బెజ్జం చేసి, ఎదుటి వైపు పల్చని నూనె కాగితం అంటిస్తే బయటి కొబ్బరిచెట్టు తలకిందులుగా కనబడుతుంది. వెలుగు తిన్నగా పోతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏమి కావాలి? బస్రాలో పుట్టి కైరోలో పోయిన ఇబ్న్ అల్ హైసం వెయ్యేళ్ళ కిందట చీకటి గదిలో వెలుగును ఇట్లాగే పరీక్షించినాడు. పెద్దలు చెప్పినారు గనుక నమ్మడం కాక, చేసి చూడాలని ఆయన పట్టుబట్టినాడు.

మెకానిక్ షెడ్డులో పారవేసే సైకిలు వాల్వు ట్యూబును ముక్కలు చేసి అగ్గిపుల్లలు గుచ్చితే జామెట్రీ పెట్టె తయారవుతుంది. మూడు పుల్లల త్రిభుజం గట్టిగా నిలుస్తుంది. నాలుగు పుల్లల చతురస్రం ఇటూ అటూ వంగిపోతుంది. రేకుల షెడ్డు ట్రస్సులో, కరెంటు టవరులో త్రిభుజాలు ఎందుకున్నాయో చెప్పనక్కరలేదు. హోషంగాబాదు పనిలో పాలుపంచుకొన్న అరవింద్ గుప్తా గారు ఇట్లాంటి ఆటవస్తువులనే దేశమంతా పంచినారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇక పసుపు, సున్నం కలిస్తే ఎరుపు అని తెలియని ఇల్లు లేదు. పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టిన కాగితం మీద సబ్బు నీరు, నిమ్మరసం, మజ్జిగ వేసి చూస్తే ఆమ్లము, క్షారము అన్న పాఠం వంటింట్లోనే పూర్తవుతుంది.

అనుమానాలు

"ఇదంతా బాగానే వున్నది, పదో తరగతి పరీక్ష ఎవరు రాస్తారు?" అని పెద్దలు అడుగుతారు. అడగాలి కూడా. ఎక్కాలు వద్దని మేము చెప్పడం లేదు. ఎక్కాలు రావాలి, నిత్యం సాధన చేయాలి, పాత ప్రశ్నపత్రాలు కూడా చేయించాలి. మేము చెప్పేది వరుస గురించి. ముందు చేయి, తరువాత బుర్ర, చివరికి సూత్రం. వరుస తిరగబడితే సూత్రం పరీక్ష దాకా వుండి అక్కడే రాలిపోతుంది.

"టీచర్లకు అంత తీరిక ఏది?" అంటారు. నిజమే, సిలబసు పూర్తి చేయాలన్న వొత్తిడి వారి మీద చాలా వున్నది. అందుకే బడి మీద భారం వేయకుండా, బడికి తోడుగా సంఘం చేయగలిగింది చెబుతున్నాము.

ఇంకొకటి భాష. మన ఇళ్ళల్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో కొందరికి ఇంగ్లీషు. పిల్లవాడికి లెక్క రాకపోవడం వేరు, లెక్క అడిగిన మాట అర్థం కాకపోవడం వేరు. "ఆధీ" అన్నా "సగం" అన్నా అదే గుడ్డముక్క అని చేతికిచ్చి చూపిస్తే, భాష అడ్డం తొలగుతుంది. ఏ భాషలో చెబితే మొహం వెలిగితే ఆ భాషలో ముందు చెప్పాలి. పుస్తకం మాట తరువాత నేర్పవచ్చు.

మా మనవి

కార్యవర్గంవారికి మా మనవి నాలుగే. మొదటిది, వారానికి మూడు సాయంత్రాలు ఒక గది ఇవ్వండి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు మాత్రమే. రెండవది, ఒక తక్కెడ, రెండు టేపులు, ఒక థర్మామీటరు, నాలుగు భూతద్దాలు కొనండి. మిగిలిన సామాను పిల్లలే తెస్తారు. మూడవది, ఇంటరు, డిగ్రీ చదివే మన అమ్మాయిలను అక్కడ టీచర్లుగా పెట్టండి. అక్కయ్య చెబుతున్నదంటే చెల్లెలిని పంపడానికి ఏ తల్లీ జంకదు. నాలుగవది, సంవత్సరానికి ఒకసారి ఈ సభలోనే పిల్లలు చేసినవి బల్లల మీద పెట్టి చూపించనివ్వండి. బహుమతి ఒకరికే ఇచ్చి మిగతావారిని చిన్నబుచ్చవద్దు. చూసిన ప్రతి పెద్దమనిషీ ఒక్కొక్క పిల్లను "ఇది ఎట్లా చేసినావు బిడ్డా?" అని అడిగితే చాలు.

స్కాలర్‌షిప్పులు మానమని మేము అనము. కాని పదో తరగతి పాసయిన వారికి ఇచ్చే స్కాలర్‌షిప్పు పదో తరగతి దాకా వచ్చినవారికే అందుతుంది. ఏడో తరగతిలో జారిపోయిన పిల్లకు అది చేరదు. ఆమె కోసం ఖర్చయ్యేది ఒక గది, ఒక టేపు, మూడు సాయంత్రాలు.

తల్లులకు ఒక్క మాట. మీకు అక్షరాలు రాకపోయినా ఫరవాలేదు. పప్పులో నీళ్ళు ఎంత పోయాలో, మీటరు గుడ్డలో ఎన్ని జాకెట్లు వస్తాయో, నెల జీతం ముప్ఫై రోజులకు ఎట్లా సర్దాలో మీకు వచ్చు. అది లెక్కలే. పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకొని పైకి చెబుతూ చేయండి. మీ ఇంట్లో లెక్కల టీచరు లేరని ఎప్పుడూ అనుకోకండి.

 ఆ గది తాళంచెవి ఎవరి దగ్గర వుండాలో ఈ సభ ముగిసేలోపే తేల్చమని కోరుతూ సెలవు తీసుకొంటున్నాము. ఖుదా హాఫిజ్.